బలవంతం లేకుండా ఇల్లు, ఊరు నడుస్తాయా? బ్రష్షు, బోర్లు, ఏకగ్రీవాలు

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

ఎదుటివాడి మీద చెయ్యెత్తని, వాడి సొత్తు ముట్టని మనిషిని ఎవరూ దేనికీ బలవంతపెట్టకూడదు. ఇంట్లో బిడ్డయినా, ఊర్లో రైతయినా అంతే. చెప్పుకోడానికి బాగానే ఉంటుంది ఈ సూత్రం. పొద్దున ఏడున్నరకి బడి బస్సు హారన్ కొట్టే ఇంట్లో, పక్క చేన్లో రాత్రికి రాత్రి కొత్త బోరు దిగే ఊర్లో ఇది ఎంతదాకా నిలబడుతుంది?

మూడు సంగతులు పట్టుకుందాం. ఇంట్లో పళ్లు తోమడం, ఫోను. పంచాయతీలో ఏకగ్రీవం. పొలాల్లో బోర్ల మీద కట్టడి. మా ఇంట్లో ఇట్లా జరిగింది, మా తాత అట్లా చేసినాడు అనే కథలు వద్దు. పద్ధతి, లెక్క, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది, ఇవి రాయండి.

నల్లరేగడి (ఆదోని)

ముందు కొలబద్ద ఒకటి పెట్టుకోకుంటే ఎవరికి తోచింది వాళ్లు స్వేచ్ఛ అంటారు. నా కొలబద్ద ఇది: కాదన్నవాడికి ఏమవుతుంది? ఏమీ కాకుంటే సమ్మతి. ఉన్నది ఊడిపోతే బలవంతం. కట్టె కనపడాల్సిన పని లేదు.

ఏకగ్రీవాన్ని దీంతో కొలవండి. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ప్రభుత్వం ప్రకటించిన ప్రోత్సాహకం: 2 వేల లోపు జనాభా ఉంటే 5 లక్షలు, 5 వేల లోపు 10 లక్షలు, 10 వేల లోపు 15 లక్షలు, ఆపైన 20 లక్షలు. చూడ్డానికి బహుమానమే. కానీ నామినేషన్ వేయాలనుకున్న ఒక్క మనిషి ఊరికంతా 10 లక్షలు పోగొట్టినవాడవుతాడు. డబ్బు ప్రభుత్వానిది, ఒత్తిడి పెట్టే పని మాత్రం పక్కింటోళ్లది. పాత కక్షలున్న ఊర్లో ఆ ఒత్తిడి ఎట్లుంటుందో మన కర్నూలు, కడప, అనంతపురం వాళ్లకి విడమర్చి చెప్పాల్సిన పని లేదు. గుడి పేరు చెప్పి సర్పంచ్ పదవిని వేలంపాట పెట్టే ఊర్లకి కూడా ఏకగ్రీవం బోర్డే ఉంటుంది.

ఇంట్లో దీనికి తమ్ముడు: 'ఫస్టొస్తే సైకిల్'. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మూడు నుంచి ఐదేళ్ల పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీయడం ఇష్టపడే పిల్లలే అందరూ. కొందరికి 'గీస్తే బిరుదు పత్రం ఇస్తాం' అని ముందే చెప్పారు, కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి అసలు ఇవ్వలేదు. తర్వాత ఊరికే వదిలేస్తే, ముందే చెప్పించుకున్న పిల్లలు గీయడానికి పెట్టిన సమయం మిగతావాళ్ల దాంట్లో సగానికి పడిపోయింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లకి ఏమీ కాలేదు. అంటే చెడగొట్టింది బహుమతి కాదు, బేరం.

పాలపళ్లు (కడప)

పళ్లు తోమడం గురించి రాస్తాను, ఎందుకంటే బలవంతం లేని పెంపకం అనగానే అందరూ మొదట అడిగేది ఇదే. 'వదిలేస్తే పళ్లు పుచ్చిపోవా?' పుచ్చుతాయి. వదిలేయమని ఎవరూ అనడం లేదు.

బిడ్డ నోరు తెరవనంటే చాలాసార్లు కారణం మొండితనం కాదు. పేస్టులో పుదీనా మంట. నురగ గొంతులోకి దిగి వాంతి వచ్చినట్టు కావడం. బ్రష్షు తల పెద్దదై వెనక చిగురుకి గుచ్చుకోవడం. పెద్దవాళ్లు ఎదురుగా నిలబడి తోముతుంటే మెడ వెనక్కి వంగి నొప్పి పుట్టడం. అన్నిటికన్నా పెద్దది, నిద్రమత్తు. కళ్లు మూతలు పడుతున్నప్పుడు ఏ బిడ్డయినా ఏడుస్తుంది.

మార్చాల్సిన వరుస: మొదట సమయం. రాత్రి అన్నం తిన్న పదిహేను నిమిషాల్లోపే తోమేయండి, పక్క మీదికి చేరాక వద్దు. తర్వాత పేస్టు: మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు పొడుగునా పిండొద్దు. మంట అంటే పండ్ల రుచిది తెండి. తర్వాత భంగిమ: బిడ్డ తల మీ ఒళ్లో, మొహం పైకి. దవడ పళ్లు బాగా కనపడతాయి, మెడ నొప్పి ఉండదు. నాలుగోది, అద్దం బిడ్డ చేతికివ్వండి. 'కింద కుడిపక్క మొదలుపెట్టేదా, ఎడమపక్కా?' అని అడగండి. కానీ 'తోముకుంటావా లేదా?' అని అడగొద్దు. మీరు ఒప్పుకోలేని జవాబుకి తలుపు తెరిచి, బిడ్డ ఆ జవాబే చెప్పాక మూసేస్తే, రేపటి నుంచి మీ ప్రశ్నలన్నీ ఉత్తుత్తివే అని అర్థమవుతుంది దానికి.

ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లు ఒకసారి చెయ్యి వేయాల్సిందే. పిల్లల మణికట్టుకి అంతదాకా ఆ పట్టు రాదు.

తిండికి సూత్రం ఇంకా సులువు. ఏం వండాలి, ఎప్పుడు, ఎక్కడ కూర్చుని తినాలి అనేవి పెద్దవాళ్ల పని. తినాలా వద్దా, ఎంత అనేవి బిడ్డ పని. చెడేదెక్కడంటే, రాగి సంగటి వద్దన్న బిడ్డకి అరగంటలో బిస్కెట్ ప్యాకెట్ విప్పడం. అది స్వేచ్ఛ కాదు, మీ పని కూడా బిడ్డకి అప్పజెప్పడం.

ఏడో_మైలు (గుత్తి)

మేడం, ఐదేళ్ల పిల్ల సరే. రోడ్డు మీదికి ఉరికేవాణ్ణి ఏం చేయాల? కూర్చోబెట్టి ఒప్పందం రాయాల్నా?

పాలపళ్లు (కడప)

చెయ్యి పట్టి లాగేయాలి. బావి గట్టు, కరెంటు, రోడ్డు, వీటి దగ్గర చర్చ లేదు. లాగడం కాపాడటానికి. లాగాక వీపు మీద ఇచ్చే రెండు దెబ్బలు మాత్రం దేనికీ పనికిరావు. బిడ్డకి లారీ గుర్తుండదు, మీ చెయ్యి గుర్తుంటుంది. తర్వాత నుంచి మీరు చూడనప్పుడు ఉరుకుతుంది.

బోరు_లెక్క (అనంతపురం)

నీళ్ల కాడికి వస్తే మాట కంటే ముందు కొలత కావాల. కొలత లేకుంటే ప్రతివాడూ తన బోరు ఎండింది పక్కోని వల్లనే అంటాడు.

ఎకరాకి ఒక మిల్లీమీటరు వాన అంటే 4,047 లీటర్లు. మన జిల్లాలో ఏడాది వాన 550 మి.మీ. అటూఇటూ. రాతినేలలో భూమిలోకి దిగేది పదోవంతు అనుకుందాం, అంటే 55 మి.మీ. ఎకరా మీద 2 లక్షల 22 వేల లీటర్లు. ఇది ఆదాయం. ఖర్చు చూడండి. వరికి 1,200 మి.మీ. వేసుకుంటే ఎకరాకి 48 లక్షల 56 వేల లీటర్లు. అంటే ఒక ఎకరా వరి 22 ఎకరాల మీద దిగిన వాన తాగుతుంది. పారించిన దాంట్లో కొంత మళ్లీ కిందికి దిగుతుంది, ఆ మినహాయింపు తీసినా పదిహేనెకరాలకి తగ్గదు. అదే రబీ వేరుశనగకి 500 మి.మీ. అంటే తొమ్మిది ఎకరాల వాన. ఈ లెక్క సుద్దముక్కతో గోడ మీద రాసినాక 'వరి వేయొద్దు' అని ఎవురూ చెప్పాల్సిన పని ఉండదు.

ఇది నోటిమాట కాదు. 2003 నుంచి కొన్నేళ్లు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల యాజమాన్యం అని ఒక కార్యక్రమం నడిచింది. అనంతపురం, కర్నూలు, కడప మూడూ అందులో ఉన్నాయి. ఏ పంట వేయాలని ఎవురికీ ఆర్డరు లేదు. వేయనందుకు జుర్మానా లేదు. రైతులే వాన కొలిచినారు, పరిశీలన బోర్లలో నీటిమట్టం కొలిచినారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎన్ని నీళ్లుండాయి, ఎన్ని ఎకరాలకి వస్తాయి అని లెక్క కట్టినారు. అంతే. ఎంచుకునేది ఎవురి చేను వాళ్లది.

కొలిచే తీరు: వానమాపకం రోజూ ఉదయం 8.30కి. నీటిమట్టం పదిహేను రోజులకోసారి, మోటరు ఆపి రాత్రంతా గడిచినాక, తెల్లారక ముందు. మోటరు ఆపిన వెంటనే టేపు దించితే గుంత లోతు వస్తుంది, మట్టం రాదు. బోరు నీళ్లకి 200 లీటర్ల డ్రమ్ము, ఒక గడియారం చాలు. 80 సెకన్లలో నిండితే సెకనుకి రెండున్నర లీటర్లు, గంటకి 9 వేలు, 9 గంటల కరెంటుకి 81 వేలు. ఎకరా వరికి అరవై రోజులు నిలువునా తోడాల. డ్రమ్ము పెట్టేది మోటరు వేసిన అరగంట తర్వాత. మొదట వచ్చేది పైపులో, బోరులో నిలవున్న నీళ్లు, దాన్ని చూసి మురిసిపోతే లెక్క తప్పుతుంది.

తూము_చివర (మైదుకూరు)

బోరు_లెక్క అన్నా, లెక్క బాగుంది. కానీ అది బోర్లకే పనికొస్తుంది. బోరు ఊర్లో అందరికీ ఒకే గండం, ఈ ఏడు నాది, వచ్చే ఏడు నీది. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద అట్ల కాదు. పైన ఉన్నోడు ఎప్పుడూ పైనే, చివరోడు ఎప్పుడూ చివరే. పైనోడికి తన మడి నిండినాక తూము మూయడం వల్ల వచ్చే లాభం సున్నా. వాడు స్వచ్ఛందంగా ఎందుకు మూస్తాడు? 1997లో రైతుల సాగునీటి యాజమాన్య చట్టం తెచ్చి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టినారు. సంఘంలో మాట చెల్లేది ఎవరిది? తూముకి దగ్గరోళ్లది. స్వేచ్ఛ అనేది సమానుల మధ్యనే నడుస్తుంది. మిగతా చోట్ల దానికి లష్కరు, అంటే కాలువ కాడ నీళ్లు వదిలే ఉద్యోగి, వాని చేతిలో తాళం కావాల.

పాత_శాసనం (పోరుమామిళ్ల)

తూము_చివర గారి అభ్యంతరం ఆరున్నర వందల ఏళ్ల నాటిది, జవాబు కూడా అప్పటిదే ఒకటుంది.

మా ఊరి చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. మంచి చెరువుకి పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు చెక్కించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని అందులోనే ఉంది. కట్టడానికి రాజు కావాల్సి వచ్చింది, ఒప్పుకుంటాను. కానీ నీళ్లు పంచింది రాజు కాదు, నీరుగంటి. ఆయకట్టులో ఎవరూ తూము ముట్టకూడదు, తెరిచేది మూసేది అతనొక్కడే. అతని కూలి కోతలప్పుడు ప్రతి మడి నుంచి ధాన్యంగా వచ్చేది. చివరి మడి ఎండితే అతని గింజలు కూడా ఎండుతాయి. పైనోడి మంచితనం మీద ఆధారపడలేదు ఆ ఏర్పాటు, కొలిచేవాడి కూలి చివరి మడికి కట్టేసింది. ఇప్పటి లష్కరుకి నెల జీతం. చివరి మడి పండినా ఎండినా అదే జీతం.

మరమ్మతుకి దశబంధం ఇనాములు ఉండేవి. చెరువు కట్టినవాడికో బాగు చేసినవాడికో దాని కింద ఆదాయంలో పదోవంతు. కట్ట తెగితే ఇనాము పోతుంది.

ఇంకొకటి, స్వచ్ఛందం అనగానే తీపిగా మాట్లాడేవాళ్ల కోసం. ఊరంతా కలిసి పూడిక తీసే కుడిమరామత్తు ఆచారాన్ని కంపెనీ ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. 1858లో మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం. పేరులోనే నిర్బంధం. ఆచారంగా వచ్చే పని చేయకుంటే జుర్మానా. చట్టం కాగితం మీద ఉండిపోయింది, ఆచారం కూడా సన్నగిల్లింది. అయితే ఆ ఆచారం అందరికీ స్వచ్ఛందమే అనుకోవద్దు. పార పట్టిందీ, బురదలో దిగిందీ ఎక్కువగా వెట్టి చేయక తప్పని కులాలవాళ్లు. నల్లరేగడి గారి కొలబద్ద వాళ్లకీ పెట్టాలి: కాదంటే ఏమయ్యేది?

ఏడో_మైలు (గుత్తి)

జుర్మానా అంటే గుర్తొచ్చింది. ఇజ్రాయెల్ హైఫాలో పిల్లల్ని చూసుకునే కేంద్రాలు పదింటి మీద పరిశోధన ఉంది కదా. సాయంత్రం పిల్లల్ని తీసుకుపోడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకి ఆరు కేంద్రాల్లో పది షెకెళ్ల జుర్మానా పెట్టినారు. ఆలస్యాలు తగ్గాల్సింది పోయి దాదాపు రెట్టింపయినాయి. టీచరమ్మ ఎదురు చూస్తుందన్న మొహమాటం పోయింది, పది షెకెళ్లకి గంట కొనుక్కున్నట్టు అయింది. జుర్మానా ఎత్తేసినా మొహమాటం మళ్లీ రాలేదు. ఊరి కట్టుబాట్లకి చిన్న జుర్మానాలు రాసేవాళ్లు ఇది చదవాల.

కోర్టు_మెట్లు (కర్నూలు)

చట్టం వైపు నుంచి కొన్ని విషయాలు, ఎందుకంటే ఇక్కడ ప్రభుత్వమంటే లాఠీ ఒక్కటే అన్నట్టు రాస్తున్నారు.

2009 విద్యాహక్కు చట్టంలో 'నిర్బంధ విద్య' అని ఉంటుంది. చాలామంది అది పిల్లల మీద, తల్లిదండ్రుల మీద నిర్బంధం అనుకుంటారు. 8వ సెక్షన్ వివరణ చదవండి. నిర్బంధం ప్రభుత్వం మీద: బడి ఇవ్వాలి, చేర్చుకోవాలి, హాజరు, చదువు పూర్తి అయ్యేట్టు చూడాలి. బడికి పంపడం తల్లిదండ్రుల కర్తవ్యం అని 10వ సెక్షన్ అంటుంది, పంపకుంటే శిక్ష అని మాత్రం లేదు. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరప కోతలకి గుంటూరు దిక్కు వలస పోయే కుటుంబాలకి జుర్మానా వేస్తే ఏమవుతుంది? ఊర్లో పేరు కొట్టేయించుకుని పోతారు. ఆ నాలుగు నెలలు పిల్లలు ఉండటానికి సీజనల్ హాస్టల్ పెడితే కొందరైనా ఆగుతారు.

అదే చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇంట్లో అయితే 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్, బిడ్డని సంరక్షణలో ఉంచుకున్న ఎవరి క్రూరత్వానికైనా మూడేళ్ల వరకు జైలు. స్వీడన్ 1979లో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించినప్పుడు ఆ నిబంధనకి విడిగా శిక్ష పెట్టలేదు. పాల డబ్బాల మీద అచ్చేసి ఇంటింటికీ చేర్చారు.

కోవిడ్ వ్యాక్సిన్ విషయంలో 2022 మే 2న సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇదే దారి: ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదు, కానీ ప్రజారోగ్యం కోసం న్యాయమైన ఆంక్షలు పెట్టవచ్చు.

సూత్రం ఆగాల్సిన చోటు ఒకటుంది. బాల్యవివాహం. 'పిల్ల ఒప్పుకుంది' అని చెప్తారు. 2006 చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21. ఆ లోపు ఒప్పుకోలుకి విలువ లేదు, కాదంటే పోయేది ఎక్కడికో ఆ పిల్లకి తెలియదు కాబట్టి. 1098కి ఫోన్ చేసేవాళ్లని ఊరిమీద నిర్బంధం తెచ్చారని తిట్టొద్దు.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

బాగుంది. ఫోను సంగతి ఎవరూ ముట్టలేదు. బడికి పోనని మొండికేసే పిల్ల సంగతి కూడా.

పాలపళ్లు (కడప)

ఫోను: ఒప్పందం కొనకముందే జరగాలి, కొన్నాక కాదు. ఇచ్చిన తర్వాత పెట్టే ప్రతి షరతూ లాక్కున్నట్టే ఉంటుంది. ఒక కాగితం, ఇరవై నిమిషాలు, టీవీ ఆపేసి. మొదటి వాక్యం పిల్లవాడు చెప్పాలి, వాడి మాటల్లోనే రాయాలి. ఫోను ఇంటిది, వాడుకునేది వాడు. రాత్రి ఛార్జింగ్ హాల్లో, అమ్మానాన్నల ఫోన్లు కూడా అక్కడే. ఈ ఒక్క షరతు పెద్దవాళ్లు తప్పితే కాగితం చింపేసుకోవచ్చు. వారం రోజుల ప్రయోగం, ఆదివారం మళ్లీ కూర్చోవడం.

'అరగంట' అని రాయొద్దు. నలుగురైదుగురు జట్టుగా ఆడే ఆట ఒక్కటి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. ముప్పయ్యో నిమిషానికి మీరు లాక్కునేసరికి వాడు రెండో ఆట మధ్యలో ఉంటాడు, జట్టంతా వాణ్ణి తిడుతుంది. 'రెండు ఆటలు' అని రాసుకోండి, గొడవ సగం పోతుంది. వీడియోలకి ఒకదాని తర్వాత ఒకటి దానంతటదే మొదలయ్యే సెట్టింగ్ ఆపేయండి. ఐదేళ్ల లోపు పిల్లలకి మాత్రం ఒప్పందాలు లేవు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది రెండేళ్ల లోపు అసలొద్దని, రెండు నుంచి నాలుగేళ్లకి రోజుకి గంట మించొద్దని.

బడి: పోనన్న రోజులు క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. సోమవారాలే అయితే హోంవర్కు. ఒకే పీరియడు ఉన్న రోజులే అయితే ఆ పీరియడు. ఆడపిల్ల పొద్దున నీళ్లు తాగడం మానేస్తే బడిలో మరుగుదొడ్డి చూడండి. బస్సు దిగాక ఏడుపు ఆగితే తంటా బస్సులో ఉంది. కారణం దొరికేదాకా పంపాలా వద్దా అనే వాదన పెట్టుకోవద్దు.

బోరు_లెక్క (అనంతపురం)

ఇంగ ఒప్పందం కాగితం అడిగినోళ్లు ప్రైవేటుగా రాస్తాండారు, ఇక్కడే పెడతా. బోర్లు పంచుకునే ఊర్లలో నిలబడే షరతులు ఇవి.

1. కొత్త బోరు వేయం. బదులుగా, బోరు లేని చేనుకి వానాకాలంలో ఒకటో రెండో తడులు గ్యారంటీ. ఇది లేకుంటే బోరు లేనోడు ఎందుకు సంతకం పెడతాడు? ఉన్నోళ్ల కోటకి కాపలా కాయడానికా?
2. పైపులైను ఒకటే, వాల్వులు చేనుకొకటి. వాల్వు తాళం ఆ గుంపులో బోరు లేనోడి దగ్గర.
3. తప్పితే మొదటిసారి కొలత బోర్డు మీద పేరు. రెండోసారి ఒక తడి కోత. మూడోసారి గుంపు సమావేశం. డబ్బు జుర్మానా వద్దు, హైఫా కథ పైన ఉంది.
4. ఇష్టం లేనోడు పంట అయిపోయినాక బయటికి పోవచ్చు. మధ్యలో కాదు.

2009లో ఆర్థిక శాస్త్రం నోబెల్ తీసుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ ప్రపంచమంతా ఉమ్మడి నీళ్లు, అడవులు చూసి తేల్చింది కూడా ఇట్లాంటిదే: నియమం వాడుకునేవాళ్లే చేసుకోవాల, శిక్ష చిన్నగా మొదలై పెరగాల, తగువు తీర్చే చోటు దగ్గర్లో చవగ్గా ఉండాల.

వాల్టా చట్టం, అంటే నీళ్లు, భూమి, చెట్లు కాపాడే చట్టం, 2002 నుంచి ఉండాది. తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపల వేయకూడదనే నియమం దాంట్లోదే. దాన్ని కాగితంలో రాసుకోండి, తాగేనీళ్ల కాడ ఒప్పందాలు పనికిరావు.

నల్లరేగడి (ఆదోని)

ఒక అభ్యంతరం. 'బోర్డు మీద పేరు' అంటున్నారు. మన ఊర్లలో పేరు రాసినరోజే నిప్పు, నీళ్లు బందు పెట్టే అలవాటుంది. అది వెలి. జుర్మానా కంటే పెద్ద బలవంతం.

బోరు_లెక్క (అనంతపురం)

నిజమే. అందుకే బోర్డు మీద రాసేది తోడిన లీటర్లు, తడుల లెక్క మాత్రమే, అందరివీ. తప్పినోడి పేరు విడిగా వద్దు, ఒకటో దశ అట్ల మార్చుకోండి. ఒప్పందంలో లేని దేన్నీ, అంటే అంగడి, గుడి, పెండ్లి పిలుపు, వీటిని ముట్టకూడదని ఐదో షరతు చేర్చండి.

తూము_చివర (మైదుకూరు)

అంతా సరే, పదిహేను రోజులకోసారి తెల్లారక ముందు టేపు పట్టుకుని పోయేదెవరు? వానికి కూలి ఎవరిస్తారు?

పాత_శాసనం (పోరుమామిళ్ల)

ప్రతి చేను నుంచి, కోతల్లో, ఎకరాకి ఇంత అని గింజలుగానో డబ్బుగానో. బోరు ఉన్న చేనూ, లేని చేనూ ఇద్దరూ ఇవ్వాలి. తడి అందని చేను ఆ ఏడాది ఇవ్వక్కర్లేదు. ఎంత అనేది మీ సంఘంలో తేల్చుకోండి, కానీ ఆ చివరి వాక్యం మాత్రం కొట్టేయొద్దు.